చవక పిస్టల్... ఖరీదెంత?

జేబులో పట్టేంత పిస్టల్. పిల్లల బొమ్మ కార్లు చేసే లోహంతో తయారీ. 70 డాలర్లు పెడితే సొంతం! ఒకప్పుడు అమెరికాని ఊపేసిన ఆ బుల్లి తుపాకుల వెనక ఓ కుటుంబం కథ ఉంది. ఓ బాలుడి కన్నీటి కథా ఉంది.

ఆదివారం ఉదయం... అమెరికాలోని ఏదో ఓ ఊరి శివార్లలో ఉన్న ఫైరింగ్ రేంజ్. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు పెట్టుకుని వరుసగా నిలబడి కాలుస్తుంటారు జనం. ఒకరి చేతిలో పెద్ద రైఫిల్, ఇంకొకరి చేతిలో వెయ్యి డాలర్ల పిస్టల్. వాళ్ల మధ్యలో ఓ పెద్దాయన చిన్న పెట్టె తెరిచి అరచేతిలో ఇమిడిపోయే బుల్లి పిస్టల్ ఒకటి బయటికి తీస్తాడు. పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. 'ఇంకా పేలుతోందా అది?' అని ఒకరు అడగనే అడుగుతారు.

పేలుతుంది... ఆరు తూటాల్లో ఒకటి మధ్యలో ఇరుక్కోవచ్చు. అయినా ఆయనకదే సరదా. మనవాళ్లు కొందరు పాత లూనా మోపెడ్‌ని తుడిచి, ఆయిల్ పోసి, నెలకోసారి వీధి చివరి దాకా నడిపి మురిసిపోతారు చూడండి... ఇదీ అలాంటిదే. మంచి మంచి తుపాకులున్న వాళ్లు కూడా ఇలాంటి చవక పిస్టళ్లని వెతికి కొంటుంటారు అక్కడ. రేవన్, జెన్నింగ్స్, డేవిస్, లోర్సిన్, బ్రైకో - ఇలా ఆ కంపెనీల పేర్లన్నీ గడగడా అప్పజెప్పేస్తారు.

కానీ లూనాకీ దీనికీ ఓ పెద్ద తేడా ఉంది. లూనా ఆగిపోతే నెట్టుకుంటూ ఇంటికి పోవచ్చు. ఇది పొరపాటున పేలితే..?

వెయిస్ట్‌కోటు జేబు కోసం

జేబు పిస్టల్ మొదట్లో చవక వస్తువేం కాదు. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ తుపాకుల రూపశిల్పి బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీ కోసం ఓ చిన్న పిస్టల్ తయారుచేశాడు. దాని పేరు మోడల్ 1906. పొడవు నాలుగున్నర అంగుళాలు. అప్పటి దొరలు కోటు లోపల వేసుకునే వెయిస్ట్‌కోటు జేబులో సరిగ్గా పట్టేది. దాన్నే కొద్ది మార్పులతో అమెరికాలో కోల్ట్ కంపెనీ 1908 నుంచి అమ్మింది. రెండూ ఉక్కుతో చేసినవే. నగల డబ్బాలో దాచుకునేంత ముచ్చటగా ఉండేవి.

దానికోసమే .25 అనే చిన్న తూటాని కూడా రూపొందించాడు బ్రౌనింగ్. అంగుళంలో పావు వంతు అన్నమాట... మన లెక్కలో 6.35 మిల్లీమీటర్లు. గుండు బరువు మూడు గ్రాముల పైచిలుకు. మరి అప్పటికే .22 తూటా ఉందిగా అంటే... ఉంది. కానీ అందులో నిప్పు రాజేసే మందు తూటా అడుగు అంచులో చుట్టూ పరుచుకుని ఉంటుంది. అంచులో ఓ చోట మందు సరిగా పడకపోతే ట్రిగ్గర్ నొక్కినా పేలదు. పైగా అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉండటంతో మ్యాగజైన్‌లో ఒకదానికొకటి తగులుకుంటుంది. .25లో ఆ మందు సరిగ్గా మధ్యలో ఉంటుంది. శక్తి దాదాపు ఒకటే అయినా నమ్మకం ఎక్కువ.

ఇలాంటి బుల్లి పిస్టళ్ల లోపలి సరంజామా చాలా సులువు. గొట్టం కదలదు. పైనున్న స్లైడ్ వెనక్కి జరుగుతూ ఖాళీ తొడుగుని బయటికి విసిరి, మళ్లీ ముందుకొస్తూ కొత్త తూటాని గొట్టం వెనకున్న గదిలోకి... అదే చాంబర్‌లోకి తోస్తుంది. స్లైడ్‌ని ఆపేవి రెండే... దాని బరువు, లోపలి స్ప్రింగు. తాళాలూ గొళ్లేలూ ఏమీ ఉండవు. తూటా చిన్నది కాబట్టి ఆ మాత్రం సరిపోతుంది. భాగాలు తక్కువ కాబట్టి తయారీ కూడా తేలిక. ఈ తేలికే తర్వాత ఓ వ్యాపారమైంది.

చట్టం మూసిన తలుపు... తెరిచిన కిటికీ

1968... అమెరికాకి చేదు జ్ఞాపకాల సంవత్సరం. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్, జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్యకు గురయ్యారు. కెనెడీని చంపింది ఓ .22 రివాల్వర్‌తో. ఆ ఏడాదే తుపాకుల నియంత్రణ చట్టం వచ్చింది. క్రీడలకు పనికిరాని చిన్నచిన్న పిస్టళ్లు విదేశాల నుంచి రావడానికి వీల్లేదంది. అప్పటిదాకా యూరప్ నుంచి ఓడల్లో దిగుతున్న చవక పిస్టళ్లకి అడ్డుకట్ట పడింది.

అయితే చట్టంలో ఓ కంత ఉంది. బయట నుంచి తేకూడదన్నారు గానీ, దేశంలోనే తయారుచేసుకోవద్దని ఎవరూ అనలేదు!

కాలిఫోర్నియాలో విమానాల విడిభాగాలు చేసే జార్జ్ జెన్నింగ్స్‌కి ఇది కలిసొచ్చింది. 1970లో రేవన్ ఆర్మ్స్ అనే కంపెనీ పెట్టి .25 పిస్టల్ తయారీ మొదలుపెట్టాడు. ఉక్కు దిమ్మెని గంటల తరబడి చెక్కే పని లేదు. జింక్‌లో కాస్త అల్యూమినియం, రాగి, మెగ్నీషియం కలిపిన 'జమాక్' అనే మిశ్రమ లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోయడమే. తలుపు పిడులు, జిప్పులు, పిల్లల బొమ్మ కార్లు చేసేదీ దీంతోనే. 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగిపోతుంది. ఉక్కు కరగాలంటే 1400 డిగ్రీల దాకా కావాలి. గొట్టం, కొన్ని చిన్న భాగాలు మాత్రం ఉక్కువి. అలా తయారైన రేవన్ పిస్టల్ 1990 ప్రాంతంలో 70 డాలర్లు అటూ ఇటూగా అమ్ముడైంది. పేరున్న కంపెనీల పిస్టళ్లకి అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సి వచ్చేది.

ఇక చూడండి. కొడుకు బ్రూస్ ఓ కంపెనీ పెట్టాడు. అల్లుడు డేవిస్ ఇండస్ట్రీస్ పెట్టాడు. కొడుకు స్నేహితుడు లోర్సిన్ పెట్టాడు. లాస్‌ఏంజెలిస్ చుట్టుపక్కల ఇలా వలయంలా వెలిసిన కంపెనీలకి గారెన్ వింటెమ్యూట్ అనే డాక్టరు 1994లో తన అధ్యయనంలో 'రింగ్ ఆఫ్ ఫైర్' అని పేరుపెట్టాడు... 'నిప్పుల వలయం' అన్నమాట. ఆయన రోజూ చూసేది ఎమర్జెన్సీ వార్డులో తూటా గాయాలతో వచ్చేవాళ్లని మరి! 1992లో అమెరికాలో తయారైన చేతి తుపాకుల్లో దాదాపు మూడో వంతు ఈ కొద్ది కంపెనీల నుంచే వచ్చాయని ఆయన లెక్క తేల్చాడు. 1990ల మొదట్లో నేరాల్లో దొరికి ప్రభుత్వం ఆరా తీసిన తుపాకుల జాబితాలోనూ ఇవే ముందు వరుసలో ఉన్నాయి.

ఇలాంటి చవక తుపాకులకి జనం అప్పటికే ఓ పేరు తగిలించారు - 'శాటర్‌డే నైట్ స్పెషల్'. వారం జీతం చేతికొచ్చి, తాగి గొడవపడే శనివారం రాత్రుల్లో ఎక్కువగా పేలేవట!

పేదవాడి తుపాకీయా?

నాణేనికి రెండో వైపూ ఉంది. ఆ పేరులోనే ఓ చిన్నచూపు ఉందంటారు ఈ పిస్టళ్లని వెనకేసుకొచ్చేవాళ్లు. దొంగల భయం ఎక్కువగా ఉండేది పేదల బస్తీల్లోనే. పోలీసులు ఆలస్యంగా వచ్చేదీ అక్కడికే. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా బస్సు దిగే మహిళ, అర్ధరాత్రి దాకా కొట్టు తెరిచి ఉంచే చిన్న వ్యాపారి... వీళ్లకి 600 డాలర్ల పిస్టల్ కొనే స్తోమత ఎక్కడిది? డబ్బున్నవాడి ఆత్మరక్షణ హక్కు అయితే, లేనివాడిది నేరమా అని వాళ్ల ప్రశ్న.

కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. ఇల్లినాయిస్, సౌత్ కరోలినా లాంటి రాష్ట్రాలు తక్కువ వేడికే కరిగే లోహంతో చేసిన తుపాకుల్ని అమ్మకూడదని చట్టాలు చేశాయి. లోహం కరగడానికీ భద్రతకీ సంబంధమేంటి, ఇది చవక తుపాకుల్ని ఏరేయడానికి వేసిన ఎత్తు కాదా అని అప్పుడే వాదనలు నడిచాయి.

అయితే ఆ ప్రశ్న వెంటే ఇంకోటి కూడా అడగాలి. పేదవాడి కోసమే చేశామన్న వస్తువులో ఆ పేదవాడి ఇంటి భద్రతకి ఎంత చోటిచ్చారు? దానికి జవాబు ఓ కోర్టు కేసులో దొరుకుతుంది.

సేఫ్టీ తీస్తేనే ఖాళీ అవుతుంది!

1994 ఏప్రిల్. కాలిఫోర్నియాలో ఓ ఇల్లు. ఏడేళ్ల బాబు, అతణ్ని చూసుకుంటున్న ఓ కుటుంబ మిత్రుడు. ఇంట్లో ఉన్నది బ్రైకో కంపెనీ .380 పిస్టల్... అదే కుటుంబం వాళ్ల తయారీ. పిల్లలున్న ఇల్లు కదా, అందులోని తూటాలు తీసేద్దామనుకున్నాడు ఆ యువకుడు. అతని ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిస్టల్‌తో ఓ చిక్కుంది. సేఫ్టీ మీట వేసి ఉంటే స్లైడ్ కదలదు. చాంబర్‌లో ఉన్న తూటా బయటికి రావాలంటే ముందు సేఫ్టీ తీయాలి. అంటే తుపాకీని ఖాళీ చేసే ఆ క్షణంలోనే అది పేలడానికి సిద్ధంగా ఉంటుంది!

పేలింది. తూటా బాబు గడ్డం దగ్గర దూసుకుపోయింది. ప్రాణం దక్కింది కానీ మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది.

ఆ ఘటన జరిగి తొమ్మిదేళ్లు గడిచాయి. 2003లో జ్యూరీ తీర్పు చెప్పింది. తుపాకీ పట్టుకున్న యువకుడిదీ, ఇంట్లో తూటాలతో పెట్టిన తల్లిదండ్రులదీ తప్పుంది. అయితే తుపాకీ రూపకల్పనలోనూ లోపం ఉంది అంది. నష్టం విలువ సుమారు 5 కోట్ల డాలర్లుగా తేల్చింది. అందులో దాదాపు సగం తయారీదారులూ, వాళ్లకి సంబంధించిన సంస్థలూ భరించాలంది. వెంటనే బ్రైకో దివాలా పిటిషన్ వేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2004లో కంపెనీ ఆస్తుల్ని వేలం వేశారు. వాటిలో వేలకొద్దీ పిస్టళ్లు తయారుచేసేంత సరుకుంది. అప్పటికి 17 ఏళ్లున్న ఆ కుర్రాడి తరఫు వాళ్లు విరాళాలు పోగుచేశారు. ఎందుకో తెలుసా? ఆ ఫ్యాక్టరీని కొని, సరుకంతా కరిగించేయడానికి! అవతల పోటీకి దిగింది ఆ కంపెనీలో ఫోర్‌మన్‌గా పనిచేసినాయన. చివరికి 5 లక్షల 10 వేల డాలర్లకి ఫోర్‌మనే పాడుకున్నాడు. కుర్రాడి పాట అంతకు కొద్దివేలే తక్కువ. జిమెనెజ్ ఆర్మ్స్ పేరుతో అలాంటి పిస్టళ్లు మళ్లీ దుకాణాలకొచ్చాయి. ఆ కంపెనీ కూడా 2020లో దివాలా పిటిషన్ వేసింది.

మరి సర్కారు ఏం చేస్తోంది అంటారా? వినియోగ వస్తువుల భద్రత చూసే కమిషన్ ఒకటి అమెరికాలో 1970ల నుంచీ ఉంది. బొమ్మలో చిన్న ముక్క ఊడి పిల్లల నోట్లోకి పోతుందంటే ఆ బొమ్మని బజారు నుంచి వెనక్కి రప్పించగలదు. నిజం తుపాకుల జోలికి మాత్రం వెళ్లే అధికారం దానికి లేదు. బొమ్మ తుపాకీకున్న పరీక్ష, అసలు తుపాకీకి లేదన్నమాట! కాలిఫోర్నియా మాత్రం 1999లో సొంతంగా చట్టం చేసింది. 2001 నుంచి అక్కడ అమ్మే కొత్త మోడళ్లు పరీక్ష నెగ్గాలి. మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడేసినా పేలకూడదు. 600 తూటాలు కాలిస్తే ఆరుసార్లకి మించి మొరాయించకూడదు. లోర్సిన్, డేవిస్ అప్పటికే చితికిపోయాయి.

చిన్న తూటా అంటే..?

'.22, .25లతో ఏమవుతుందిలే' అనే మాట రేంజ్‌ల్లో తరచూ వినిపిస్తుంది. 1981 మార్చి 30 గుర్తున్నవాళ్లు ఆ మాట అనరు. వాషింగ్టన్‌లో హోటల్ బయట జాన్ హింక్లీ రెండు సెకన్లలో ఆరు తూటాలు కాల్చాడు. అతని చేతిలో ఉన్నది ఆర్‌జీ-14 అనే చవక .22 రివాల్వర్. విదేశీ తుపాకీ రాకూడదు కానీ విడిభాగాలు రావచ్చు కాబట్టి, జర్మనీ నుంచి తెచ్చిన భాగాల్ని మయామీలో బిగించి అమ్మిన సరుకది. అధ్యక్షుడు రీగన్‌కి తగిలిన తూటా నేరుగా కూడా రాలేదు. కారుకి తగిలి పక్కకి తిరిగి, గుండెకి అంగుళం దూరంలో ఆగింది. ఆయన ప్రెస్ కార్యదర్శి జేమ్స్ బ్రేడీకి తలలో తగిలింది. చక్రాల కుర్చీకే పరిమితమైన ఆయన, భార్య సారాతో కలిసి ఏళ్ల తరబడి పోరాడితే 1993లో చట్టం వచ్చింది. లైసెన్సున్న దుకాణంలో చేతి తుపాకీ అమ్మేముందు కొనేవాడి పూర్వాపరాలు చూడాలన్నది అందులోని ముఖ్యాంశం. 2014లో బ్రేడీ చనిపోతే, 33 ఏళ్ల కిందటి ఆ గాయమే కారణమని వైద్యాధికారి తేల్చాడు.

చిన్న తూటాతో ఇంకో చిక్కు... ఎదుటివాణ్ని అది వెంటనే ఆపలేకపోవచ్చు, తర్వాత ప్రాణం తీయొచ్చు. ఆత్మరక్షణకి నమ్ముకోవడానికి ఇది చాలదని అనుభవమున్నవాళ్లు చెప్పేది అందుకే.

కాల్చేవాళ్లకి తెలిసిన సంగతులు

ఇప్పటికీ ఈ పాత పిస్టళ్లని రేంజ్‌లో కాల్చేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరిగా పాటిస్తారు. పిడి మీద రెండు వేళ్లే పడతాయి. చెయ్యి పెద్దదైతే వెనక్కొచ్చే స్లైడ్ బొటనవేలి మొదట్లో గీరుతుంది. గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం చాలా తక్కువ. అందుకే పదడుగులు దాటితే గురి తప్పుతుంది. తప్పు చాలావరకు పిస్టల్‌ది కాదు, చేతిది. గొట్టం కదలదు కాబట్టి నిదానంగా కాలిస్తే ఆశ్చర్యపోయేలా గురి కుదురుతుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తిప్పి చూడకూడదు. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. లోపలి మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఎప్పుడైనా 'టప్' అని మెత్తగా శబ్దం వస్తే కాల్చడం ఆపేయాలి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనకే ఇంకోటి కాలిస్తే పిస్టల్ చేతిలోనే పగలొచ్చు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది... పాత పిస్టల్‌ని చాంబర్‌లో తూటాతో జేబులో వేసుకోవద్దు, ఇంట్లో పెట్టొద్దు. కింద పడితే పేలకుండా ఆపే ఏర్పాటు వీటిలో చాలావాటికి లేదు.

ఇందులో ఓ తమాషా కూడా ఉంది. పిస్టల్ చవకే కానీ .25 తూటా చవక కాదు. .22 ధర కన్నా చాలా ఎక్కువ ఉంటుంది. 'రెండు పెట్టెలు కాలిస్తే పిస్టల్ ఖరీదు గుర్తొస్తుంది' అని నవ్వుకుంటారు వాళ్లు.

మనవాళ్లు తెలుసుకోవాల్సింది

మన దేశంలో ఇలా కొట్టుకెళ్లి జేబు పిస్టల్ కొనుక్కునే వీల్లేదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు. ధర కూడా తక్కువేం కాదు. కాన్పూర్ ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ 2014లో తెచ్చిన 'నిర్భీక్' .32 రివాల్వర్ ఖరీదే లక్షా 20 వేలు దాటింది. అలాగని .22 తూటా మనకి కొత్త కాదు. హైదరాబాదీ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం సాధించింది ఆ తూటాతోనే. పరికరం, శిక్షణ, క్రమశిక్షణ వేరు... అంతే.

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లు మన దగ్గర బోలెడు. వాళ్లకి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి... అక్కడ చదువుకునే వీసా, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడికి స్నేహితుడెవరో 'చవకే, ఉంచుకో' అని ఓ బుల్లి పిస్టల్ ఇస్తే, దొంగ కన్నా ముందు చట్టం పట్టుకునే ప్రమాదముంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిబంధన వర్తించదు.

రెండోది... మనవడు స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి వెళ్తుంటే 'మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉంటుందా?' అని అడగమని అక్కడి పిల్లల డాక్టర్లే చెబుతారు. కుక్క కరుస్తుందా అని అడగడానికి మొహమాటపడం కదా, ఇదీ అంతే. తూటాలు తీసేసి తుపాకీని ఒకచోట, తూటాలు వేరేచోట తాళం వేసి పెట్టాలన్నది వాళ్ల సలహా.

మళ్లీ రేంజ్‌కి వెళ్తే... పెద్దాయన కాల్చడం అయిపోయింది. ముందు మ్యాగజైన్ తీసి బల్ల మీద పెడతాడు. గొట్టం లక్ష్యం వైపే ఉంచి స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని చాంబర్‌లోకి చూస్తాడు. కంటిని నమ్మకుండా చిటికెన వేలి కొన కూడా పెట్టి చూస్తాడు. ఖాళీ. అప్పుడు పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. 70 డాలర్ల ధరలో అచ్చు, జింకు, లాభం అన్నీ ఉన్నాయి కానీ ఆ జాగ్రత్త మాత్రం లేదు. అది కొన్నవాడే పెట్టుకోవాల్సిన ఖర్చు. పెట్టకపోతే ఆ బాకీ ఇంట్లో పిల్లల మీద పడుతుంది.